కరెంటు బిల్లుకి పోగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న నాలుగు కుటుంబాలకీ కలిపి కరెంటు మీటరు ఒకటే ఉండేది. దాని మీద అభిప్రాయాలు మాత్రం నాలుగుండేవి.

ఇల్లు అల్లూరులో. ముందుభాగంలో మేము, మా బర్రె, మా వెనక వరసగా మూడు పోర్షన్లు, అందరికీ కలిపి ఒక బోరు, దానికో మోటరు. ఇంటికి యజమాని మా అవ్వ. పన్ను రసీదు మా నాయన పేరు మీద వచ్చేది కానీ, ఆ సంగతి రసీదుకీ మా నాయనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మొదటి పోర్షన్లో ఒక బ్యాంకు గుమాస్తా, ఆయన భార్య ఉండేవారు. ఆయన్ని వీధంతా బ్యాంకాయన అనేది. రెండో దాంట్లో పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసే సిస్టరమ్మ ఒక్కతే ఉండేది. ఆదివారం పొద్దున చర్చికి పోయేది, మిగతా వారమంతా డ్యూటీకి పోయేది, ఖాళీ దొరికితే నిద్రపోయేది. చివరి పోర్షన్లోకి, నేను మూడో తరగతిలో ఉండగా, ఒక అక్క వచ్చి చేరింది. ఆమె భర్త లారీ మీద పనిచేసేవాడు. ఎంత బాగా పనిచేసేవాడంటే లారీ దిగి ఇంటికి రావడానికి తీరికుండేది కాదు. అక్క ఇడ్లీకీ దోసెకీ పిండి రుబ్బి అమ్ముకుని బతికేది.

అంతకు ముందు బిల్లు పంపకం చాలా సులువుగా జరిగిపోయేది. బిల్లు రాగానే అవ్వ నాలుగు సమాన భాగాలు చేసేది. నలుగురిలో ప్రతి ఒక్కరూ తాము ఎక్కువ కడుతున్నామనుకునేవారు. అందరికీ సమానంగా అన్యాయం జరుగుతుండేది కాబట్టి గొడవలుండేవి కావు.

అక్కతో పాటు ఒక గ్రైండరు వచ్చింది. మద్రాసు సరుకు, నా భుజాలంత ఎత్తు. ఆమె పుట్టింటివాళ్లు ఆవును అమ్మి కొనిచ్చారట. పిండి బాగానే రుబ్బేది కానీ, దానికి నిజంగా చేతనైన పని చప్పుడు చేయడం. అది తిరుగుతున్నంతసేపూ మా ఇంట్లో గోడకున్న క్యాలెండరు కూడా దాంతో పాటు ఊగేది. ఆ పిండి మాత్రం వెన్నలాగా ఉండేది. నెల తిరక్కుండానే వీధిలో ఆడవాళ్లంతా రోళ్లను కోళ్లకు నీళ్లు పెట్టడానికి కేటాయించి, గిన్నెలు పట్టుకుని అక్క వాకిట్లో నిలబడసాగారు. అందులో మా అమ్మా ఉంది, బ్యాంకాయన భార్యా ఉంది. బ్యాంకాయన పొద్దున ఆ ఇడ్లీలు తింటూనే ఆ గ్రైండరు మీద నేరాలు చెప్పేవాడు. నోరు ఒక్కటే కావడం వల్ల రెండు పనులూ కాస్త ఆలస్యమయ్యేవి.

తరువాతి బిల్లు పెరిగింది. ఆ తరువాతిది ఇంకా పెరిగింది. బ్యాంకాయన మా వసారాలోకి వచ్చి కూర్చుని తన తీర్పు చెప్పాడు. బిల్లులో సగం గ్రైండరు వాళ్లు కట్టాలి, మిగతా సగం మూడిళ్లవాళ్లూ పంచుకోవాలి. అది కుదరకపోతే ఆ గ్రైండరన్నా ఈ ఇంట్లోంచి పోవాలి, తామన్నా పోవాలి. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఒకటో తేదీన అద్దె చేతిలో పెట్టే మనిషి. చప్పుడు చేసేదే ఎక్కువ తింటుందని ఆయన నమ్మాడు. ఇళ్లలో చాలామంది పెద్దవాళ్ల మీద ఇదే నమ్మకం ఉంటుంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం.

అక్క కాదనలేదు. అందరికంటే ఎక్కువ కడతానంది. సగం కట్టమంటే మాత్రం పిండి అమ్మినా అమ్మకపోయినా ఒకటేనంది. అప్పటికే రెండిళ్లలో గ్రైండరు వల్ల ఖాళీ చేయమన్నారట. ఊళ్లో మనుషులకు ఇల్లిచ్చేవాళ్లు ఉన్నారు, గ్రైండరుతో కలిపి మనుషులకు ఇచ్చేవాళ్లు లేరు. ఇక్కడ కూడా కుదరకపోతే దాన్ని అమ్మేసి పుట్టింటికి పోవడమే. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. మా అమ్మ మాత్రం లోపలికి వెళ్లి, కళ్లు తుడుచుకోవడానికి ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టింది.

వేరే మీటరు పెట్టిద్దామని మా నాయన కరెంటాఫీసుకు వెళ్లి అడిగాడు. స్తంభం నుంచి ఇంకో లైను లాగాలంటే మాకన్నా ముందు వరసలో చాలామంది ఉన్నారన్నారు. ఇక సగమంటే అక్క ఒప్పుకోదు, పావంటే బ్యాంకాయన ఒప్పుకోడు. గ్రైండరు ఎంత తింటుందో చెప్పగలిగినవాళ్లు మాలో లేరు. మా నాయన మొగ్గు బ్యాంకాయన వైపే ఉంది. నిలకడగా అద్దె ఇచ్చే మనిషిని వదులుకోవడం ఎందుకని ఆయన భయం. అక్కకు నచ్చజెప్పి పంపేద్దామని రాత్రి అన్నం దగ్గర అన్నాడు. అవ్వ మజ్జిగ కలుపుకుంటూ, "ఆదివారం పోగులేద్దాంలే," అంది.

పోగుల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మా వీధిలో నలుగురు కలిసి పొట్టేలును కోయించినా, వలవాళ్ల దగ్గర గంపెడు చేపలు తెచ్చుకున్నా, ఒకరు కూర్చుని దాన్ని పోగులు వేస్తారు. ఎన్ని ఇళ్లుంటే అన్ని పోగులు. అప్పుడు ఒక పిలకాయను పిలిచి గోడకు మొహం పెట్టి నిలబెడతారు. పెద్దవాళ్లు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటే, పిలకాయ నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఎవరి పేరు చెబితే పోగు వాళ్లది, మళ్లీ మాట్లాడకూడదు. పోగులు వేసిన మనిషి కూడా అందరితో పాటు తన పేరు కోసం ఎదురుచూడాల్సిందే. గోడవైపు నిలబడే ఆ పదవి ఎప్పుడూ మగపిల్లలకే దక్కేది. నాకు ఆ పదవి మీద ఉన్నంత ఆశ ఆ తరువాత ఏ ఉద్యోగం మీదా కలగలేదు.

ఆదివారం సిస్టరమ్మ చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక అందరూ మా వసారాలో చేరారు. అవ్వ చేటనిండా చింతగింజలు తెచ్చి నడుమ పెట్టింది. చేటలో ఉన్నదంతా కలిపి బిల్లు అనుకోమంది. నాలుగిళ్లకు నాలుగు పోగులు వేయాలి.

"నువ్వే వెయ్యి అబ్బయ్యా," అంది బ్యాంకాయనతో. "లెక్కలు చేసే చెయ్యి నీది."

ఆ తరువాత నావైపు తిరిగి, గోడ దగ్గరికి పొమ్మంది.

నేను నడిచి పోలేదు, పరిగెత్తాను. అందుచేత ఇక్కడి నుంచి నేను కళ్లారా చూసింది సున్నం గోడ ఒక్కటే. మిగతాదంతా చెవులతో విన్నదీ, తరువాత మా అమ్మ చెప్పగా తెలిసిందీ. మా అమ్మ దాన్ని ఒకసారి చెప్పి వదిలిపెట్టలేదు.

బ్యాంకాయన పని చాలా చురుగ్గా జరిగింది. సగం చేట ఒక పక్కకు కుమ్మరించాడు, అది గ్రైండరు పోగు. మాకు ఒక మోస్తరు పోగు, సిస్టరమ్మకు దానికన్నా చిన్నది. తన పోగు మాత్రం మొహమాటపడుతున్నట్టు ఒక మూలన ఉందట. ఆయన చేతులు దులుపుకున్నాక అవ్వ తీరిగ్గా అసలు సంగతి చెప్పింది.

"మన వీధి పద్ధతే నాయనా. పాప ఎవరి పేరు చెప్తే పోగు వాళ్లది. పోగుతో పాటు ఆ ఇల్లు కూడా. మళ్లా బిల్లు వచ్చేదాకా ఏ ఇంటి పోగు వస్తే ఆ ఇంట్లో కాపరముండాల. గ్రైండరు పోగు వచ్చినోళ్లు రుబ్బుకోవాల, అమ్ముకోవాల, వచ్చిన డబ్బులు వాళ్లవే. మా పోగు వచ్చినోళ్లు మా బర్రెను కడగాల."

"ఏంది పెద్దమ్మా, తమాషాకా?" అన్నాడు బ్యాంకాయన.

"పోగుల కాడ తమాషా చేస్తారా యాడన్నా?"

అవ్వ అన్నదంటే చేస్తుందని అందరికీ తెలుసు. ఒకసారి మా నాయన రసంలో ఉప్పు ఎక్కువైందని అంటే, రేపటి నుంచి నువ్వే కాచుకో అంది. మా నాయన చేతి రసం ఇప్పటికీ మా చుట్టాల్లో పేరున్నది.

 అప్పుడు బ్యాంకాయన భార్య, గుమ్మానికి ఆనుకుని నిలబడి, చాలా నెమ్మదిగా అంది.

"ఆ పెద్ద పోగు మనకొస్తే రుబ్బేది మీరే. నేను ముందే చెప్తుండా."

ఆ తరువాత నాకు చింతగింజల చప్పుడు వినబడింది. పెద్ద పోగులోంచి ఒక దోసెడు లేచి ఎక్కడో పడింది. మా పోగులో వేశాడట. ఇంటిగలవాళ్లకు బర్రె ఉంది, దాన్ని కడగడానికి మోటరు వేస్తారు, అది న్యాయమేనని అవ్వ ఒప్పుకుంది. కానీ మా పోగు కూడా తనకే వచ్చే ప్రమాదం ఉందని ఆయనకు వెంటనే గుర్తొచ్చినట్టుంది. దోసెట్లో కొంత వెనక్కి పోయింది. సిస్టరమ్మ తన ఇంట్లో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక మంచమని, మంచానికి కరెంటు అక్కర్లేదని గుర్తుచేసింది. ఆమె పోగు తగ్గింది. తగ్గినవి ఎక్కడ వేయాలో తెలియక ఆయన పిడికిట్లోనే పెట్టుకుని కూర్చున్నాడట.

అప్పటిదాకా తన పోగు ఎంత చిన్నదో ఆయన చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. ఎవరో ఒకరు, ఆ కాసిని గింజలిచ్చి, తన ఇంట్లో తన రెండు ఫ్యాన్ల కింద కూర్చుని తన రేడియో వింటూ ఉండటం ఆయన కళ్ల ముందు కదిలి ఉంటుంది. పిడికిలి విప్పి గింజలు తన పోగులోనే వేశాడు. కొంచెం ఆగి, "ఇస్త్రీ పెట్టె కూడా ఒకటుండాదిలే," అని ఎవరితోనూ కాకుండా అని, ఇంకాసిని వేశాడు.

ఆయన ఆ రోజు ఎంతసేపు కూర్చున్నాడో చెప్పలేను, నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇటు తీసి అటు వేయడం, లేచి దూరంగా నిలబడి చూడటం, మళ్లీ కూర్చోవడం. బ్యాంకులో కూడా ఎవరి సొమ్మునీ అంత జాగ్రత్తగా చూసి ఉండడని సిస్టరమ్మ తరువాత అంది. చివరికి ఆయన, "ఇంక ఏది ఎవరికొచ్చినా మాటుండదు పెద్దమ్మా," అన్నాడు. గ్రైండరు పోగు ఇంకా అన్నిటికన్నా పెద్దదే. కానీ మొదట ఉన్న పోగుకూ దానికీ పోలిక లేదు. అది పక్క పోగుకు తోడబుట్టిన పెద్దక్కలాగా ఉంది, అంతే.

అవ్వ ఒక్కొక్కరినీ సమ్మతమేనా అని అడిగింది. సిస్టరమ్మ సరేనంది. మా నాయన కూడా సరేనన్నాడు. ఆయన్ని అవ్వ అడగలేదు.

అక్క అప్పటిదాకా మెట్టు మీదే కూర్చుంది. తన బతుకు నేల మీద అటూ ఇటూ జరుగుతుంటే చూస్తూ ఉంది. ఇప్పుడు లేచి వచ్చి పోగుల ముందు గొంతుక్కూర్చుంది. ఇంకా తగ్గించమంటుందని బ్యాంకాయన అనుకున్నాడట, అందరూ అదే అనుకున్నారు. ఆమె మూడు పోగుల్లోంచీ కాసిని కాసిని గింజలు ఏరి పెద్ద పోగు మీద వేసింది.

"ఇంతకంటే ఎక్కువే తింటాదవ్వా అది," అంది. "రోజూ తిప్పేదాన్ని, నాకు తెలీదా. ఆ పోగు ఎవరికొచ్చినా, తక్కువేస్తే మిగతావాళ్ల మీద పడతాది, నాకు బాగుండదు."

అవ్వ చాలాసేపు ఆమెనే చూసిందని మా అమ్మ చెప్పింది. తరువాత చీర కుచ్చెళ్లు సర్దుకుని లేచింది.

"సరే, అయిపోయింది. ఎవరింటి పోగు వాళ్లు తీసుకోండి. పాపా, ఇటు తిరుగు."

నేను తిరగలేదు. నన్ను ఇంకా ఎవరూ అడగనే లేదు. గోడవైపే చూస్తూ, "ఇదెవరికి అనలేదే?" అన్నాను. అవసరం పడలేదులే అంది అవ్వ. నా పదవి అలా ప్రారంభం కాకుండానే ముగిసిపోయింది.

నాకన్నా ముందు తేరుకున్నది బ్యాంకాయన.

"అదేంది పెద్దమ్మా, పాపను అడిగితే కదా పోగు. ఇల్లు మారాలన్నావు, బర్రెను కడగాలన్నావు. ఇది మోసం గదా!"

"మోసమే అనుకో," అంది అవ్వ. "అయితే చెరిపేసి మళ్లా వెయ్యి. ఇప్పుడు ఏది నీదో నీకు తెలుసు. ఇంత బాగా వస్తాయేమో నేనూ చూస్తా."

ఆయన వంగి పోగుల మీద చెయ్యి పెట్టాడు. అప్పటికి నేను ఇటు తిరిగాను కాబట్టి ఇది స్వయంగా చూశాను. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన తన పోగునూ, అక్క పోగునూ, ఇంకా అక్కడే గొంతుక్కూర్చుని ఉన్న అక్కనూ మార్చి మార్చి చూశాడు. తరువాత చెయ్యి వెనక్కి తీసుకుని, పంచెకు తుడుచుకుని, "వద్దులే పెద్దమ్మా, బాగానే ఉండాయి," అన్నాడు. ఆయన నవ్వు నిజమైన నవ్వే. ఓడిపోయినవాడి నవ్వు అలా ఉండదు.

ఆ పోగుల లెక్కనే మా ఇంటి బిల్లు ఏళ్ల తరబడి పంచుకున్నారు. అక్క మా ఇంట్లోనే ఉంది. గ్రైండరు చప్పుడూ తగ్గలేదు, క్యాలెండరూ ఊగుతూనే ఉండేది, కానీ ఆ చప్పుడు ఎక్కువైందని మళ్లీ ఎవరూ అనగా నేను వినలేదు. బ్యాంకాయన బదిలీ అయి పోయేదాకా, నాలుగిళ్లవాళ్ల కరెంటు బిల్లును ఎవరూ వేలెత్తి చూపలేనట్టు పంచింది తానేనని వీధి వీధంతా చెప్పుకున్నాడు. అవ్వ ఒక్కసారి కూడా కాదనలేదు. పైగా ఎవరైనా అడిగితే, "అవును, ఆ అబ్బయ్యే వేసినాడు," అనేది. అదీ నిజమే కదా. గింజలు కదిలించిన చెయ్యి ఆయనదే. ఆ చేతిని కదిలించడానికి అవ్వ వాడిన సరుకల్లా, ఏది తనదో తెలియని ఒక అరపూట.

చాలా ఏళ్ల తరువాత నెల్లూరులో కాలేజీలో అర్థశాస్త్రం చదివాను. న్యాయమైన పంపకం ఎలా ఉండాలో మా లెక్చరరు బోర్డు నిండా గీతలు గీసి గంటసేపు వివరించారు. మంచి పాఠమే. కానీ ఆ గీతల పక్కన ఎవరి భార్యా గుమ్మానికి ఆనుకుని నిలబడి లేదు కాబట్టి క్లాసులో చాలామందికి అర్థం కాలేదు. నాకు మాత్రం మొదటి గీతకే అర్థమైంది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. వాటిలో అవ్వ వాటా ఎంతో నాకు తెలుసు. ఆమె సంతకం పెట్టడానికి వేలిముద్ర వాడేది, అదీ అక్కర్లేని చోట వేసేది కాదు.

ఇప్పుడు నాకూ నెల్లూరులో ఒక మిద్దె ఉంది. కింద నేనుంటాను, పైన రెండు వాటాలు అద్దెకిచ్చాను. ఎవరి మీటరు వాళ్లకుంది. నీళ్ల మోటరుకూ మెట్ల మీది లైటుకూ మాత్రం కలిపి ఒకటే. కాబట్టి మనస్పర్థలకు కొంత చోటు మిగిలే ఉంది. పైన ఉండే కుర్రజంట ఫోనులో ఒక గ్రూపు పెట్టి నన్ను కూడా అందులో చేర్చారు. అద్దె ఇంటివాళ్లకు నీళ్లెక్కువ పోతున్నాయా, ఇంటిగలావిడ మొక్కలకు ఎక్కువ పోతున్నాయా అన్నది అందులో చాలా మర్యాదగా, చేతులు జోడించిన బొమ్మలతో నడుస్తూ ఉంటుంది. వాటాలు వేయాల్సింది నేనే. వేసే ముందు కాసేపు కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటాను. నిద్రపోతున్నానని మా ఆయన అనుకుంటాడు. నేను ఆ సమయంలో పై వాటాలో అద్దెకుంటాను, ఒక్కోసారి పక్క వాటాలో. ఏ పోగు నాదో మరిచిపోవడానికి చేతనైనంత ప్రయత్నం చేస్తాను.

పూర్తిగా మరపు రాదు. ఎంత కళ్లు మూసుకున్నా ఇల్లు నాదన్న సంగతి ఎక్కడో ఒక మూల మేలుకునే ఉంటుంది. ఆ మాత్రం తేడా నా చెయ్యి నాకు తెలియకుండానే చేసి ఉంటుంది. అందుకే అంతా అయిపోయాక, ఎవరూ అడక్కుండానే, వాళ్ల వాటాల్లోంచి చిటికెడు తీసి నా దాంట్లో వేసుకుంటాను. పోగులు వేయడం అవ్వ నేర్పింది. ఈ చిటికెడు మాత్రం అక్క దగ్గర నేర్చుకున్నది. అది వేస్తేగానీ లెక్క సరిపోదు.